అచ్చొచ్చిన రూము

మే 26, సోమవారం

ఈ రోజు నుంచి నేను రిసెప్షన్ మసూద్‌ను కాదు, గెస్ట్ రిలేషన్స్ మసూద్‌ను. జీతం అదే. కుర్చీ అదే. కుర్చీకి విరిగిన చెయ్యి కూడా అదే.

బెంగళూరు నుంచి ఆనంద్ అనే ఆయన వచ్చి మా లాడ్జి కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పెట్టిపోయినాడు. సీఆర్ఎం అంట. రూముకొచ్చిన మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చినాడు, దిండు ఒకటా రెండా, టీలో చక్కెర ఎంత, అన్నీ అందులో ఎక్కించాల. ఖాళీ చేసిపోయిన వారానికి అదే వాళ్ళ ఫోనుకు మెసేజ్ పంపుతుంది.

"ఒకసారొస్తే వ్యాపారం. రెండోసారొస్తే సంబంధం" అన్నాడు ఆనంద్, మా అందరినీ కూర్చోబెట్టి ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు చూపిస్తూ.

నాకు కాలింది. లేచి అడిగినాను. "సంబంధమంటే రెండు పక్కలా ఉండాల కదా సార్? వాళ్ళ సంగతులన్నీ మనకు తెలుస్తాయి. మనవి వాళ్ళకేం తెలుస్తాయి?"

"గుడ్ క్వశ్చన్" అన్నాడు. తర్వాతి బొమ్మకు పోయినాడు.

మా ఓనరు ఉమాశంకర్ సారు మాత్రం, "మసూదూ, కూర్చోప్పా. నీ పాంప్లెట్లు ఇంటికాడ చదువుకో" అన్నాడు. అందరూ నవ్వినారు.

చదువుతాను. బస్టాండులో పంచినవీ, మీటింగుల్లో అమ్మినవీ, టీ అంగడిలో బజ్జీలు చుట్టబోతుంటే లాక్కున్నవీ, ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. మూఢనమ్మకాల మీద, వినియోగదారుల హక్కుల మీద, మాతృభాష మీద. కాలేజీ నాకు నేర్పింది ఎంతో, ఆ పెట్టె నేర్పింది ఎంతో నాకు తెలుసు.

ఒక్క యుద్ధం మాత్రం గెలిచినాను. ఆ మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. మా లాడ్జి ఉండేది హిందూపురం నర్సింగ్ హోముల వీధిలో. మా దగ్గరికి వచ్చేది గోరంట్ల, పెనుకొండ, మడకశిర, ధర్మవరం నుంచి ఆసుపత్రి పని మీద వచ్చే రైతులు, నేతపని వాళ్ళు. వాళ్ళకు ఇంగ్లీషు మెసేజ్ ఎందుకు? అరిచినాను. "అట్లయితే నువ్వే రాయి" అన్నాడు సారు.

రాసినాను: "మా ఇంటికి వచ్చినందుకు సంతోషం. మీ గది మీ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. మళ్ళీ రండి."

ఎన్నిసార్లు చదువుకున్నానో. చివరి రెండు మాటలు ఎంత బాగున్నాయి. ఇంగ్లీషుకు ఈ వెచ్చదనం వస్తుందా?

మే 28

ఇది నిఘా అనుకుంటూనే ఎక్కిస్తున్నాను. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఉంటే రుచి తగులుతోంది.

గోరంట్ల ఆయన మంచం ఉండగా నేల మీద పడుకుంటాడు. ఎందుకు? బుక్కపట్నం ముసలాయన తాగేనీళ్ళు ఊరి నుంచే క్యానులో తెచ్చుకుంటాడు. ఎందుకు? ఒకామె రూములో కిటికీ తెరవదు, ఇంకొకామె కిటికీ ఉన్న రూము ఇచ్చేదాకా లోపలికి రాదు. ఎందుకు? సాఫ్ట్‌వేర్లో 'కారణం' అని ఒక గడి ఉంది. చాలామంది దాన్ని వదిలేస్తారంట. నాకు ఆ గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టదు.

ఇది నిఘా కాదు. ప్రజలను అధ్యయనం చేయడం.

రూములు ఊడ్చే మునెమ్మక్క వచ్చి పన్నెండో నంబరులో కాలింగ్ బెల్లు చెడిందని చెప్పింది. "ఎట్ల చెడింది?" అంటే "మొన్న ఖాళీ చేసినోళ్ళు అరగదీసినారు" అని వెళ్ళిపోయింది. దానికీ ఒక కారణం ఉండాల. తర్వాత అడగాల.

ఈ డైరీ రాసే పెన్నుకు క్యాప్ పోయింది. దారం చుట్టి వాడుతున్నాను. డిగ్రీ పరీక్షలన్నీ దీంతోనే రాసినాను, రీఫిల్ మారుస్తూ. అందుకని కాదు. బాగా రాస్తుంది.

జూన్ 3, మంగళవారం

పొద్దున ఫోన్. "ఉమా రెసిడెన్సీయేనా? ఈ మెసేజ్ ఎవురు రాసినారు?"

నేను సంబరంగా "నేనే సార్" అన్నాను. మొదటి అభినందన అనుకున్నాను.

"పెనుకొండ నుంచి ఈరప్పను మాట్లాడతాండా. మీ పన్నెండో నంబరు రూములో ఉంటిమి. ఎదురుగా నర్సింగ్ హోములో మా అమ్మ పోయింది. దినాలు గూడా కాలేదు. మళ్ళీ రమ్మంటాండావే, ఈసారి ఎవుర్ని తీసుకొని రావల్లప్పా?"

"అది కంప్యూటర్ పంపిందండీ" అన్నాను.

"నువ్వు రాసినావని ఇప్పుడే కదా చెప్తివి?"

పెట్టేసినాడు.

జూన్ 4

తప్పు సాఫ్ట్‌వేర్‌ది. ఎవరింట్లో ఏం జరిగిందో దానికి తెలియదు. ఆనంద్‌కు ఫోన్ చేసి కడిగేసినాను. ఆయన నింపాదిగా "ఆ కస్టమర్‌ను ఇన్‌యాక్టివ్‌లో పెట్టేయండి" అన్నాడు. కొడుకు ఇన్‌యాక్టివ్ అంట.

జూన్ 5

చావింటి నుంచి లేచేటప్పుడు "పోయొస్తాం" అనరు. ఊరికే లేచి పోతారు. వాళ్ళు కూడా "మళ్ళీ రండి" అనరు. ఇది మా అమ్మకు తెలుసు, ఉమాశంకర్ సారుకు తెలుసు, మునెమ్మక్కకు తెలుసు. నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు.

ఆసుపత్రుల వీధిలో కూర్చుని "మళ్ళీ రండి" అని రాసినాను.

మెసేజ్ ఆపేసినాను. సారుకు చెప్పలేదు.

జూన్ 7

బక్రీదు. పండగ పూట ఆ మొగమేందిరా అని అమ్మ అడిగింది. ఏమీ లేదన్నాను.

జూన్ 11, బుధవారం

మునెమ్మక్క నాతో మాట్లాడటం లేదు. నేను చెప్పింది అబద్ధం కాదు.

వరసగా రాయాల.

పొద్దున ధర్మవరం నుంచి సుశీలమ్మ, ఆమె మొగుడు గంగాధర్ వచ్చినారు. ఆయన మగ్గం నేస్తాడు. పేగులో గడ్డ. రేపు చేరి ఎల్లుండి శుక్రవారం ఆపరేషన్ చేయించుకోవాల. పోయిన నెల పరీక్షలకొచ్చినప్పుడు పన్నెండో నంబరులో ఉన్నారు.

"పన్నెండు ఇయ్యి నాయనా" అన్నాది ఆమె.

"అందులో మనుషులుండారమ్మా, మధ్యాహ్నం ఖాళీ అవుతాది. పదకొండు ఇస్తా. రెండూ ఒకటే."

"పర్వాలేదు, కూర్చుంటాం" అని సంచి ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. జబ్బు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. పైన రూము ఖాళీగా ఉండగా.

నాకు ఆ కారణం గడి గుర్తొచ్చింది. "ఎందుకమ్మా ఆ రూమే?"

"అచ్చొచ్చింది నాయనా. ఆడ ఉన్నప్పుడే కదా రిపోర్టు వచ్చింది, తీసేస్తే సరిపోతాదని. అంతకుముందు వేరే లాడ్జిలో ఉంటే డాక్టరు నోరే తెరవలేదు."

"రూముకు ఏం తెలుసమ్మా? ఇటుకలు, సున్నం. గడ్డకూ రూముకూ సంబంధం ఏముండాది? మనలాంటోళ్ళను ఇట్లాంటి నమ్మకాలే..." మూఢనమ్మకాల కరపత్రం మొత్తం వచ్చేసింది నా నోట్లో నుంచి. ఆమె ముచ్చటగా వింటోంది, పిల్లోడు పద్యం చెప్తాంటే విన్నట్టు.

"బాగ చెప్తివి. ఇంగ రాసుకో, అచ్చొచ్చింది అని. కంప్యూటర్ ఒప్పుకోదా?"

"కంప్యూటర్ ఒప్పుకుంటాది. నేనొప్పుకోను."

అప్పుడు నా చేతిలోకి చూసింది. "ఏమి పెన్ను నాయనా అది, దారం చుట్టుకొని? ఉండు, నాకాడ కొత్తది ఉండాది. దాన్ని పారెయ్యి."

"వద్దమ్మా."

"ఏం?"

"ఇదుంటే చాలు."

వెనక నుంచి మునెమ్మక్క అందుకుంది. "ఇయ్యడమ్మా! ఆ పెన్నుతోనే డిగ్రీ పాసయినాడంట. నేను ఒకతూరి గుడ్డతో తుడిస్తే ఊరంతా ఒకటి జేసినాడు."

గంగాధర్ కడుపు పట్టుకుని నవ్వినాడు. సుశీలమ్మ నవ్వింది. "చూస్తివా మరి! నీకు పెన్ను, నాకు రూము" అన్నాది.

అందరూ నవ్వుతున్నారు. అది అలవాటు, ఇది మూఢనమ్మకం, రెండూ వేరు అని చెప్పబోయినాను. ఎవరూ వినలేదు. చెవులు వేడెక్కినాయి.

"అంత అచ్చొచ్చే రూమైతే, మొన్న అందులో ఉన్న ఆయప్ప వాళ్ళమ్మ ఎందుకు చచ్చిపోయిందమ్మా?" అన్నాను.

నవ్వులు ఆగిపోయినాయి. గంగాధర్ చెయ్యి కడుపు మీద అట్లే ఉంది.

సుశీలమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. "లెయ్యి" అన్నాది మొగునితో.

"ఆసుపత్రికా?"

"ఇంటికి."

నేను చెప్పింది అబద్ధం కాదు.

జూన్ 12

నర్సింగ్ హోము నుంచి ఫోన్. గంగాధర్ అనే పేషెంటు మీ లాడ్జిలోనే కదా, ఇంకా రాలేదేమి, ఫోన్ ఎత్తడం లేదేమి అని. ఊరికి పోయినారని చెప్పినాను.

"ఊరికి ఎందుకు పోయినారు? ఆపరేషన్ డాక్టరు బెంగళూరు నుంచి శుక్రవారం శుక్రవారమే వస్తాడు. ఇట్ల ఒక్కొక్క వారం జరుపుకుంటా పోతే పేగు మూసుకుపోతాది. అప్పుడు కోసినా లాభం ఉండదు, చెప్పండి వాళ్ళకు" అన్నాడు.

నేనా చెప్పేది?

ఉమాశంకర్ సారుకు మునెమ్మక్క అంతా చెప్పేసింది. మెసేజ్ ఆపేసిన సంగతి కూడా బయటపడింది. తిడతాడనుకున్నాను. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"పన్నెండు తిరగేస్తే ఎంతప్పా?"

"ఇరవై ఒకటి."

"పోయి చెప్పు ఆయమ్మకు. నోరు జారి పన్నెండన్నానమ్మా, ఆ ముసలామె ఉన్న్యాది ఇంకా పైన ఇరవై ఒకటిలో, అని చెప్పు. అయిపాయె. రేపీపాటికి వస్తారు."

"అబద్ధం చెప్పమంటారా?"

"బతకనీయమంటాండా."

"నేను చెప్పను సార్. ప్రజలను అబద్ధంతో బతికించడం..."

"నిన్న నిజం చెప్పి ఏం పీకితివి?" అన్నాడు.

పని మానేస్తానని అరిచి వచ్చేసినాను. మధ్యాహ్నం మళ్ళీ పోయి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

జూన్ 13, శుక్రవారం. ధర్మవరం

రైలులో పోయినాను. పెనుకొండ దాటేటప్పుడు ఆ ఫోన్ గుర్తొచ్చి కిటికీ అవతలికి చూడలేదు. దారంతా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. శాస్త్రం, గణాంకాలు, గుండె ధైర్యం. పెట్టెలో నుంచి రెండు పుస్తకాలు కూడా తీసుకుపోయినాను, ఇద్దామని.

వాళ్ళ వీధిలో ఇంటింటికీ మగ్గం చప్పుడు. ఆపరేషన్ కావాల్సిన రోజు గంగాధర్ మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళతో తొక్కుతూ, ఆగి కడుపు అదుముకుంటూ, మళ్ళీ తొక్కుతూ. నన్ను చూసి "రాప్పా" అన్నాడు. సుశీలమ్మ కండెలు చుడుతోంది. తలెత్తలేదు.

తయారు చేసుకున్నదంతా చెప్పినాను. ఆలస్యమైతే ఏమవుతుందో నర్సింగ్ హోము వాళ్ళన్న మాట కూడా చెప్పినాను. ఆమె చేతిలో దారం తిరుగుతూనే ఉంది. పుస్తకాలు అరుగు మీద పెట్టినాను.

"అన్నీ తెలుసు నాయనా" అన్నాది చివరికి. "డాక్టరు చెప్పింది తెలుసు, నువ్వు చెప్పేది తెలుసు. కోతకు పంపించేటప్పుడు ఈ చెయ్యితో సంతకం పెట్టాల్సింది నేను. ఆ చెయ్యి ఆడాల కదా. యాదో ఒకటి పట్టుకోవల్ల నాకు. ఆ రూము పట్టుకుంటి. నువ్వు లాగేస్తివి."

ఆమె కండె కింద పెట్టింది.

"ఒక్క మాట అడుగుతా. ఆ పొద్దు కోపంలో అన్నావా? అబద్ధమని చెప్పు. ఇప్పుడే సంచి తీస్తా. ఈయప్పను లేపుకొని వస్తా."

మగ్గం ఆగింది. గంగాధర్ కూడా నా వైపే చూస్తున్నాడు.

ఇరవై ఒకటి. నాలుక మీద ఉంది.

"అబద్ధం కాదమ్మా" అన్నాను.

"అట్లయితే పో నాయనా."

లేచేటప్పుడు ఆమె నీళ్ళు ఇచ్చింది. తాగినాను. పోయొస్తానని అనాలో అనకూడదో తెలియక ఊరికే లేచి వచ్చినాను.

జూన్ 14

ఇరవై ఒకటి అంటే ఏం పోయేది నాది?

జూన్ 15, ఆదివారం. పెనుకొండ

ఎందుకు పోయినానో సరిగా తెలియదు. తిట్టించుకోవడానికి కావచ్చు. అది కూడా కాదు. ఆ ముసలామె ఎవరో తెలుసుకోవాలనిపించింది. ఒక మనిషిని తీసుకుని వాదనలో రాయి మాదిరి విసిరినాను. ఆమె పేరు కూడా నాకు తెలియదు. రూము ఈరప్ప పేరు మీద ఉంది.

ఊరు దాటి, కొండ వెనక పక్క, మల్బరీ తోట. పట్టుపురుగుల షెడ్డు. ఈరప్పకు యాభై దాటుంటాయి. గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి.

"యాడినుంచి వచ్చినావప్పా?"

"హిందూపురం. ఆ మెసేజ్ రాసినోన్ని."

కొడతాడనుకున్నాను. "చెప్పులు ఆడ ఇడువు. చేతులు కడుక్కో. పురుగులకు ఆకు ఏసే యాల ఇది" అన్నాడు.

నా చేతికి ఒక బుట్ట ఇచ్చినాడు. లోపల తట్టల నిండా తెల్లటి పురుగులు. ఆకు వేస్తూనే సన్నగా చినుకులు పడుతున్నట్టు చప్పుడు. రేకుల మీద వాన అనుకుని పైకి చూసినాను. "తింటాండాయి" అన్నాడు. అన్ని పురుగులు కలిసి తింటే వాన చప్పుడు వస్తుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆకు వేస్తూ వేస్తూ చెప్పేసినాను. సుశీలమ్మ, అచ్చొచ్చిన రూము, పెన్ను, నేనన్న మాట, ధర్మవరం. మొత్తం.

ఆయన చేతిలో కొమ్మ కింద పడేసినాడు. "నీ నోరు పాడుగాను! మెసేజ్ పెట్టింది చాలక మా అమ్మను ఆ రూముకు కీడు జేస్తివా? ఎవురింట్లోనో మా అమ్మ పేరు చెప్పుకొని భయపడతాండారా?"

"పేరు చెప్పలేదు. నాకు తెలీదు."

"తిప్పమ్మ" అన్నాడు. "రాసుకో. తిప్పమ్మ."

బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి మామూలు గొంతుతో మొదలుపెట్టినాడు.

"ఆస్పత్రిలో చేర్చుకునే ముందు ఒక పగలంతా ఆ రూములో ఉంటిమి. మంచం పక్కన ఒక బెల్లు ఉండాది చూడు. ఏమిరా ఇది అన్నాది. నొక్కితే మనిషొస్తాది అంటి. నొక్కింది. ఒకామె వచ్చె."

"మునెమ్మక్క."

"'ఏం కావల్ల అవ్వా' అన్నాది ఆయమ్మ. 'ఏం వద్దు, యా ఊరు మీది?' అన్నాది మా అమ్మ. మళ్ళ కొంచేపటికి నొక్కె. మళ్ళ వచ్చె. 'పిల్లోళ్ళు ఎంతమంది?' మళ్ళ నొక్కె. నేను సిగ్గుతో చస్తాండా. 'వద్దమ్మా, వాళ్ళు పనిలో ఉంటారు' అంటే, 'ఒరే ఈరా, పుట్టినప్పటినుంచి అందురూ పిలుస్తాంటే నేను పరిగెత్తినా. నేను పిలిస్తే ఒకరు రావడం ఇదే మొదులు. ఉండనీరా' అన్నాది."

ఆ బెల్లు ఎందుకు చెడిందో ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషం రాలేదు. వచ్చింది కానీ, వేరే రకంగా.

"నీ మెసేజ్ చూస్తే నాకు ఎందుకు మండిందో తెలుసునా?" అన్నాడు ఈరప్ప. "పట్టుగూళ్ళు అమ్మేకి హిందూపురం మార్కెట్టుకు వస్తాంటా. ఆ రూముకు ఇంకొకతూరి పోవల్లని నాకు ఉన్న్యాది. అమ్మ పోయిన చోటికి పోవల్లనుకుంటాండానే, ఇదేం బుద్ధిరా అని నన్ను నేనే తిట్టుకుంటా ఉంటి. అంతలో మళ్ళీ రండి అని వచ్చె. ఎవుడో నా లోపల తొంగి చూసినట్లాయె."

తర్వాత చెయ్యి చాపినాడు. "ఆయమ్మ నంబరియ్యి."

ఆ నంబరు నా ఫోన్లో ఉంది. అతిథి సమాచారం ఇంకొకరికి ఇవ్వకూడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. నేనే కలిపి, స్పీకరు పెట్టి, ఈయప్ప ఎవరో సుశీలమ్మకు చెప్పి, మాట్లాడతావా అమ్మా అని అడిగినాను. ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. మగ్గం చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"అమ్మా, ఆ రూములో ఉన్న్యాది నేనూ మా అమ్మా. మా అమ్మకు ఎనభై దాటిండె. ఆ రూములో ఆయమ్మకు ఏ కష్టమూ కాలేదమ్మా. ఒక పగలు రాణి మాదిరి ఉన్న్యాది." బెల్లు సంగతి అంతా మళ్ళీ చెప్పినాడు. ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగినాడు.

మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాము.

"బెల్లు కొడితే వస్తారా?" అన్నాది సుశీలమ్మ. "అయ్యో, నాకు తెలీనే తెలీదే! పోయినతూరి వేణ్ణీళ్ళకని మెట్లు దిగి దిగి మోకాళ్ళు పాయె."

ఈరప్ప నవ్వినాడు. నవ్వుతూనే మొగం తుడుచుకున్నాడు.

"మీ అమ్మ పేరేమి అన్నా?" అని అడిగింది.

"తిప్పమ్మ."

"ఊ" అని పెట్టేసింది.

ఊ అంటే ఏమి? వస్తారా, రారా? రైలులో ఇంటికొచ్చేదాకా ఆ ఊ గురించే ఆలోచించినాను.

జూన్ 17

పన్నెండో నంబరు బెల్లు విప్పి చూసినాను. లోపల స్ప్రింగు కూర్చుండిపోయింది. కొత్తది తెచ్చి నేనే బిగించినాను. మునెమ్మక్క మెట్ల మీద నిలబడి చూసి, "ఇంగ మళ్ళ నా కాళ్ళు పాయె" అన్నాది. నాతో మాట్లాడింది.

జూన్ 18

ఏమీ లేదు. ఫోన్ లేదు.

జూన్ 19, గురువారం

వచ్చినారు.

పొద్దున తలుపు తోసుకుని మొదట వచ్చింది ఈరప్ప. గూళ్ళు మార్కెట్టులో వేసి వచ్చినాడు, చొక్కాకు ఆ వాసన ఇంకా ఉంది. "పన్నెండు ఖాళీనా?" అని అడుగుతున్నాడు. వెనకే ఆటో ఆగింది. సుశీలమ్మ దిగి, గంగాధర్‌కు చెయ్యి ఆనించి, మెట్లెక్కి వచ్చి, "పన్నెండు ఇయ్యి నాయనా" అన్నాది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గొంతు తప్ప మొగాలు తెలియవు.

"మీరేనా అన్నా?"

"నేనేనమ్మా. తీసుకో, నువ్వే తీసుకో. నాది ఊరికే. నీది ఆపరేషను."

"ఊరికే ఏమి, అమ్మ కోసం వస్తివి. మీరే ఉండండి."

"లేదమ్మా, అచ్చొచ్చిన రూము వదులుకోకూడదు."

ఉమాశంకర్ సారు లోపలి నుంచి వచ్చి, ఒకే రూముకు ఇద్దరు కస్టమర్లు కొట్లాడుకోవడం చూసి మురిసిపోతున్నాడు. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడినాను. ఎవరికివ్వాల? సాఫ్ట్‌వేర్ ఇద్దరి పేర్ల పక్కనా ఒకే నంబరు చూపిస్తోంది. ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు.

సుశీలమ్మే అన్నాది. "పన్నెండు ఆయన్నకియ్యి. నాకు పదకొండు ఇయ్యి. మధ్యలో గోడ ఒకటే గదా."

తాళాలిచ్చినాను. పదకొండుకు కారణం గడిలో ఏం రాయాల అని చాలాసేపు కూర్చున్నాను. "పక్కన పన్నెండు ఉంది కాబట్టి" అని కొట్టినాను. కంప్యూటర్ ఒప్పుకుంది. నేనూ.

సాయంత్రం పన్నెండు నుంచి బెల్లు. ఒక్కసారే. మునెమ్మక్క పైకి పోయి కాసేపటికి దిగి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, నవ్వో ఏడుపో తెలియలేదు.

"ఏం కావాలంట?"

"ఏం వద్దంట. యా ఊరు మీది అని అడిగినాడు."

అంతలో పదకొండు నుంచి బెల్లు.

జూన్ 20

మధ్యాహ్నం లోపలికి తీసుకుపోయినారు. సంతకం పెట్టేటప్పుడు నేను పక్కన ఉన్నాను. చెయ్యి ఆడింది. నా దారం చుట్టిన పెన్నుతోనే పెట్టింది. అడిగి తీసుకుంది.

గడ్డ మొత్తం తీసేసినారంట. సాయంత్రం డాక్టరు ఆమెతో చెప్పినాడు. ఆమె నాతో చెప్పింది. నేను ఈరప్పకు ఫోన్ చేసినాను. "రూము మంచిదప్పా" అన్నాడు. నేను వాదించలేదు.

వాదించాల్సింది. డాక్టరు మంచివాడు. అది నిజం.

రెండూ రాసుకుంటున్నాను.

జూన్ 28, శనివారం

కొత్త పెన్ను. సుశీలమ్మ ఇచ్చింది. పాతది ఆమే ఉంచేసుకుంది, ఇంకా మందుల చీటీలు, పరీక్షలు ఉన్నాయంట. ఇది సరిగా పడటం లేదు.

ఈ రోజు వాళ్ళు ఖాళీ చేసినారు. ఆటో వచ్చింది. సంచులు నేనే ఎక్కించినాను. గంగాధర్ నెమ్మదిగా, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగినాడు. సుశీలమ్మ ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆటోలో కూర్చుంది. అర్థమైంది నాకు. పోయొస్తాం అనకూడదు. ఆసుపత్రుల వీధి. నేను కూడా నోరు కట్టేసుకుని నిలబడినాను. నాకు అది ఎంత కష్టమో దేవునికే తెలియాల. దేవుడు అని అలవాటుగా రాసినాను.

ఆటో కదలబోతుంటే గంగాధర్ తల బయటపెట్టినాడు.

"ఏమప్పా, మెసేజ్‌లో శానా బాగ రాస్తావంట. మొగాన చెప్పవా? మళ్ళీ రండి అని?"

"రావద్దండి" అన్నాను.

ఉమాశంకర్ సారు అప్పుడే బయటికొస్తున్నాడు. గుమ్మంలో ఆగిపోయినాడు.

"ఈ వీధికి మళ్ళీ రావద్దండి" అన్నాను గట్టిగా. "మీరిద్దరూ. ఎప్పుడూ రావద్దు."

గంగాధర్ నవ్వలేక, నవ్వు ఆపుకోలేక కుట్లు అదిమి పట్టుకున్నాడు. "నవ్వించాకప్పా, ఊడిపోతాయి!"

సుశీలమ్మ నవ్వలేదు. నా వైపు వంగి, ఇచ్చిన మాట మాదిరి నెమ్మదిగా చెప్పింది.

"రాము నాయనా."